వేగం దించడం

పాత పెట్టె మొన్నటి వానకి పోయింది.
కొత్తదాంట్లో లినక్స్ ఎక్కించి
"పైసా ఖర్చు లేదు, చూస్కోండి" అంది రిజ్వానా.
తెర మీద మబ్బులు, గుండ్రటి మూలలు,
మూస్తే సబ్బునీళ్ళలా జారిపోయే కిటికీలు.

నాక్కావాల్సింది ఆ నల్ల తెర, పచ్చ అక్షరాలు,
టిక్కీకి ఇంత తరుగు, ఇంత కమీషను, ఇంత హమాలీ
పైసాతో సహా తీసే మస్తాన్‌వలి లెక్క.
తొంభై ఆరులో రాశాడు, కొత్తపేటలో
గంటకి పదిహేను అద్దె కంప్యూటరు మీద.
కూలికి బదులు
ఒక టిక్కీ ఎండుమిర్చి సైకిలుకి కట్టుకుపోయాడు.

కొత్త పెట్టెలో ఉత్తుత్తి పాత పెట్టె ఒకటి కట్టింది పిల్ల.
లేచింది. లేస్తూనే పరుగు.
మీట మీద వేలు తీసేలోపు మూడు పేజీలు,
కారం కొరికిన పిల్లాడిలా కర్సరు గంతులు.
"దీనికి వేగం దించాలండీ."
ఒక అంకె తగ్గించింది. ఇంకొంచెం. ఇంకా.
మూడువేల దగ్గర
నా వేళ్ళు గుర్తుపట్టాయి.

యార్డు గేటులో
ఎద్దుబండి వెనక ఖాళీ లారీ
హారన్ కొట్టకుండా వచ్చినట్టుంది.

ఏడాదికి రెండంకెలే ఒప్పుకుంటుంది.
ఇరవై ఆరంటే
గాంధీగారి కాలం అనుకుంటుంది.
అనుకోనీ, తూకం తప్పలేదు.

చీకటిపడ్డాక కట్టెయ్యబోతే
ఎప్పటి వరసే, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో:
"లెక్క సరిపోయిందా అన్నా? ఇంటికెళ్తావా?"
తొమ్మిదేళ్ళ కింద పోయిన మనిషికి
వై అని కొట్టి జవాబు చెప్పాలి.

ఇవాళ వెంటనే కొట్టలేదు.
ప్రశ్న చివర కర్సరు ఆడుతోంది,
బయట ఎవరో హమాలీ
ఆగకుండా తుమ్ముతున్నాడు.