నలభై రెండు శాతం

పెద్దాసుపత్రిలో సోమవారం,
నంబరు చీటీ కొంగున ముడేసుకుని
పొద్దున్నించీ కూర్చున్నాను.
నా ముందు కాలు లేనాయన,
ఆయన ముందు కాలుండీ నడవలేనాయన.
వరస ఒక్కటే నడుస్తోంది.

డాక్టరుగారు ప్లాస్టిక్ బద్దొకటి
నా మణికట్టుకి ఆనించి చూశారు,
మా పిల్లాడి లెక్కల డబ్బాలో ఉండే కోణమానిని లాంటిదే.
"ఇంకా వంచమ్మా."
ఇంకా ఉంటే వంచనా?
కాగితం మీద రాశారు: నలభై రెండు.
దేంట్లో నలభై రెండండీ,
చేతిలోనా, నాలోనా?
అప్పటికే తరవాతి నంబరు పిలిచేశారు.

ఏటుకూరు రోడ్డు. ఇంకా తెల్లారలేదు.
తొడిమలు తీసే ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి
ఒకే ఆటోలో, ఒకరి ఒళ్ళో ఇంకొకరి క్యారేజీ.
లారీ వెనకనించి వచ్చింది.
తరవాత నాకు గుర్తున్నది
రోడ్డంతా చిందిన పప్పుచారు వాసన.

"అంతమంది ఎందుకెక్కారు?"
ఇన్సూరెన్సు వకీలు అడిగాడు, మంచి గొంతు.
ముగ్గురమే ఎక్కితే బాబూ,
ఆ రోజు కూలి ఆటోకే పోను.
జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

నా తరఫున ప్రభావతమ్మగారు.
న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు పెట్టిన ప్లీడరు.
"ఫీజు నీది కాదు మస్తాన్‌బీ,
ఓపిక మాత్రం నీదే తెచ్చుకోవాలి" అంది మొదటి రోజే.
తెచ్చుకున్నాను. మూడేళ్ళు సరిపోయింది.
మూడు ఎండాకాలాలు ఆ వరండాలో
బెంచీకి ఏ మూల మేకు లేచిందో
నా చీరకి తెలుసు.

ఆదాయానికి రుజువేదీ? అన్నారు.
కిలోకింతని తీసేదాన్ని. జీతం చీటీ ఎవడిస్తాడు?
అప్పుడు మా ముఠా మేస్త్రి నాంచారమ్మ
బోనెక్కి, రైకలోంచి పుస్తకం తీసింది.
పేరుకో పేజీ, కిలోకో గీత.
ఎర్రటి వేలిముద్రలతో అట్ట మందమెక్కి ఉంది.
వకీలు పేజీ తిప్పాడు, ఇంకోటి తిప్పాడు,
తుమ్మాడు.
గుమాస్తా తుమ్మాడు. బంట్రోతు దగ్గాడు.
ఎనిమిదేళ్ళ మిరప దుమ్ము
హాలు మొత్తం తిరిగి సాక్ష్యం చెప్పింది.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి
పదిహేనుతో హెచ్చవేయాలట, ప్రభావతమ్మగారు చెప్పింది.
అంటే నా చేతికి ఇంకా పదిహేనేళ్ళ పని
బాకీ ఉందన్న మాట.
తొడిమ తీసేదాని బొటనవేలు పోతే
ఆ పనికి నలభై రెండు కాదు, ఇంకా ఎక్కువే పోయినట్టని
డెబ్భై వేశారు జడ్జిగారు.
ఇంటికొస్తూ శంకర్ విలాస్ దగ్గర
మా ఆయన టీ తాగుదామన్నాడు.
గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటే
ఎవరో "అదేంటి ఎడమ చేత్తో" అన్నారు.

ఒక సంగతి డాక్టరుగారికీ చెప్పాను, రాసుకోలేదు,
దానికి గడి లేదన్నారు.
రాత్రిళ్ళు కారం మంటెత్తుతుంది,
ఉన్న వేళ్ళు చల్లగానే ఉంటాయి.
లేని మూడే మండుతాయి.
మజ్జిగలో ముంచుదామంటే
ముంచడానికేముంది?

డబ్బు బ్యాంకులో పడింది.
మూడో వంతు ఇప్పుడు, మిగతాది డిపాజిట్టు.
కౌంటరులో పిల్ల కంప్యూటరు చూసి,
నన్ను చూసి, మళ్ళీ కంప్యూటరు చూసి,
"ఖాతా తెరిచినప్పుడు కుడి బొటనవేలు వేశారమ్మా,
అదే పెట్టాలి" అంది.
దేనికి డబ్బిచ్చారో అదే కావాలంది.
నవ్వొచ్చింది నాకు. ఆ పిల్లకి ఏడుపొచ్చింది.
నీళ్ళిచ్చి, తెల్లకాగితమిచ్చి,
"అర్జీ పెట్టండి, సంతకం నేర్చుకుని రండి" అంది.

మధ్యాహ్నాలు నాంచారమ్మ పుస్తకంలో
నా పేజీ కింద మిగిలిన ఖాళీలో
ఎడమ చేత్తో నేర్చుకుంటున్నాను.
'మ' వచ్చింది, కాస్త కుంటుతూ.
'స్తా' దగ్గర వత్తు
ఎప్పుడూ పక్క గీతలోకి జారిపోతుంది,
పాత కిలోల మీదికి.