ఎక్కిళ్లు

సాలూరంటే లారీ.
ఇరవై రెండేళ్లు డీజిలే నా అన్నం.
సుంకి ఘాటీ మలుపులన్నీ
నా ఎడమచెవిలో గూడు కట్టుకున్నాయి,
ఇంజను ఎప్పుడూ ఎడమపక్కనే కదా.
ఇప్పుడా చెవికి పిలుపు అందదు.
రేకు మీద వాన పడుతున్నా
చెయ్యి బయటపెట్టి చూసుకోవాలి.

లారీ దిగి పాత వేను కొన్నాను.
పెట్రోలుది, బుల్లిది, మూడు సిలిండర్లది.
పొద్దున్నే నలుగురు టీచర్లని
పాచిపెంట దాటించి కొండబడులకి చేర్చడం,
సాయంత్రం తెచ్చి దించడం.
నా చేతికొచ్చేసరికే మీటరు ఆగిపోయి ఉంది,
డెబ్బై ఒక్క వెయ్యి నాలుగొందల పన్నెండు దగ్గర.
"పదివేలకోపాలి ప్లగ్గులు సూసుకో, ముప్పైకి మార్చీ"
అన్నాడు అమ్మినోడు.
ఎక్కణ్ణుంచి లెక్కెట్టను?
అయినా డీజిలు మనిషికి ప్లగ్గులేమిటి?
డీజిలుకి ఎవరూ నిప్పంటించక్కర్లేదు.
అదిమితే చాలు, తనే మండుతుంది.

ముందు చెప్పింది ఇందుమతి టీచరు.
"బండి ఎక్కిళ్లు పెడుతోందండీ."
ఎవరో తలుచుకుంటున్నారులెమ్మని నవ్వేశాను.
నాకేమీ వినపడలేదు మరి.
మార్గశిరం మంచులో
ఒక్క తాళానికి లేవడం మానేసింది.
రెండు, మూడు, అయిదు.
చలికి అనుకున్నాను.
వారానికి పోయించిన పెట్రోలు
గురువారానికే అడుగంటితే
బంకు కుర్రాణ్ణి తిట్టాను, పాపం.
చివరికి ఒకరోజు
ఎర్రమట్టి మలుపులో, రెండో గేరులో,
చీరకుచ్చిళ్లు ఎత్తి దోపుకుని
టీచర్లు దిగి తోశారు.
ఆ సిగ్గు ఇంకా వీపు మీదుంది.

తవిటినాయుడి షెడ్డు బైపాసు వెనక,
లారీ తలుపుల మీద నెమళ్లు గీసేవాళ్ల పక్కన.
ఇంత ఊరికీ పెట్రోలు వైద్యం తెలిసినవాడు ఒక్కడు.
మూడు ప్లగ్గులూ విప్పి
పాత పేపరు మీద పడుకోబెట్టాడు.
"ఇది సూడు, బిస్కత్తు రంగు. దీనికేటీ లేదు.
ఇదేమో మసి. ఊపిరాడక కక్కుకుంది."
మూడోది నా అరచేతిలో పెట్టాడు.
నల్లగా లేదు, తడిగానూ లేదు.
మంచిదేగా అన్నాను.
"సరిగ్గా సూడు బావూ.
కొస అరిగిపోనాది. సందు పెద్దదైపోనాది.
నిప్పు గెంతాల కదా,
ఓపాలి అందుకుంటంది, ఓపాలి జారిపోతంది.
సచ్చిపోయింది బేగి దొరికిపోద్ది.
సగం బతికిందాన్నే కనిపెట్టలేం."

కొత్తవాటికి రేకు దూర్చి సందు కొలిచాడు.
కందిబద్దలో సగం లేదు.
ఇంత దానికోసమా
నలుగురు ఆడవాళ్లు కొండమీద బండి తోసింది!
బిస్కత్తు రంగుదాన్ని ఉంచేద్దామంటే
"మూడూ ఒకేపాలి మార్చీ,
ఒకదాన్నొకటి తిట్టుకోకుండా ఉంటాయి" అన్నాడు.
ఆ ఒక్కటీ జేబులో వేసుకున్నాను.

మళ్లీ ఎప్పుడు మార్చాలో నాకెలా తెలుస్తుంది?
చెవి లేదు, మీటరూ లేదు.

నవ్వలేదు తవిటినాయుడు.
నా ఎడమచెయ్యి తీసి గేరురాడ్డు మీద పెట్టాడు.
ఇంజను లేపాడు.
"చెవినొగ్గీ. దీంతో ఇను."
బానెట్టు వెనక్కెళ్లి ఒక వైరు పీకాడు.
అరచేతిలో ఎవరో కుంటారు.
పెట్టాడు. నడక సరైంది.
మళ్లీ పీకాడు, మళ్లీ పెట్టాడు.
మూడోసారి నాకు చెప్పకుండా పీకాడు.
"ఇప్పుడు," అన్నాను.
"ఎక్కడ సదువుకున్నావ్ బావూ," అన్నాడు,
చేతులు కిరసనాయిలులో కడుక్కుంటూ.

అది ఎన్నాళ్లకిందటో లెక్కలేదు.
రెండు వానాకాలాలు వెళ్లాయి.
నిన్న పొద్దున్న అదే మలుపు ఎక్కుతుంటే
అరచేతి కింద ఏదో చిన్నది తప్పింది.
గులకరాయో, ప్లగ్గో.
అద్దంలోకి చూసి గట్టిగా అడిగాను,
"టీచరుగారూ, ఏమైనా వినపడిందా?"
చెవి రిక్కించింది ఇందుమతి.
"లేదండీ, బాగానే ఉంది," అంది.

సాయంత్రం వాళ్లని దించేసి
ఇంటికి పోలేదు.
బైపాసు వెనక దీపం వెలుగుతోంది,
సగం గీసిన నెమలి ఒకటి తలుపు మీద ఆరుతోంది.