అడుగంటకుండా

చీమకుర్తి రోడ్డులో పాలిష్ ఫ్యాక్టరీ వెనక
రేకుల షెడ్డు.
తొట్టిలో నికెల్ నీళ్లు, నానేసిన పెసల రంగు.
కాలేషా క్రోమియం పొడి చిటికెడు చిటికెడు చల్లి
"సుగుణక్కా, అడుగంటనీయొద్దు" అంటాడు.

నాకు చెప్పాలా?
హాస్టల్లో నూట ఎనభై మందికి
పదిహేనేళ్లు సంగటి కెలికిన చెయ్యి ఇది.

కొత్తపట్నం రొయ్యల గుంట నుంచి వచ్చిన ఇరుసు
రాగితీగకు వేలాడుతోంది
ఉప్పు కొరికిన గాట్లతో.
కరెంటు సన్నగా పెడితే బుడగైనా లేవదు.
ఏమీ జరగనట్టే ఉంటది.
జరుగుతుంటది.

నికెల్ ఏ నలుసునూ పిలవదు.
తిరిగి తిరిగి వచ్చి తగిలినదాన్ని
తగిలిన చోటే ఉంచి
పైన కప్పుకుంటూ పోతుంది.
తగలంది మళ్లీ తిరగాల్సిందే.

మూడింటికి కరెంటు పోయింది.
మోటారు ఆగింది, పొడి దిగుతోంది.
పీవీసీ గొట్టం ముంచి నలభై నిమిషాలు తిప్పాను.
పొడి నిలబడింది గానీ
ఇరుసు మీద పొర నిలబడలేదు.
"మధ్యలో ఆగితే అతకదక్కా,
గీకి మళ్లీ మొదలు."

సాయంత్రం పాత ముక్కొకటి అడ్డంగా కోసి
భూతద్దం కింద పెట్టి చూడమన్నాడు.
బూడిదరంగులో మెరిసే చుక్కలు,
పైన ఎన్నో అడుగునా అన్నే.
నేను తిప్పిన పూటదేనంట.

బయట లారీ మీద గెలాక్సీ రాయి పోతోంది,
నలుపులో బంగారు నలుసులు,
ఎక్కడా అడుగంటలేదు.

దాన్నెవరు కలియబెట్టారో.
చెయ్యి ఎంత నొప్పెట్టిందో.