ముచ్చిక

ఎనుమాముల యార్డుల
పదిహేడేండ్ల సంది ముచ్చికలు తీస్తున్న.
కిలోకు ఇంత అని లెక్క.
తేజా కాయ సన్నగ, పొగరుగ ఉంటది,
చపాట కాయ బొద్దుగ ఉంటది.
కండ్లు మూసుకున్నా చెప్తయి నా వేళ్లు
ఏది ఎండింది, ఏది తాలు,
ఏది కడుపుల బూజు దాసుకున్నది.

గా వేళ్లే
ఒకనాడు పొద్దుగాల తానం జేస్తుంటె
ఎడమ రొమ్ము పక్కపొంటి ఆగినయి.
శనగ గింజంత.
నొప్పి లేదు.
నొప్పి లేదు గనుకనే
నాలుగు నెలలు దానికి వడ్డీ లేని అప్పిచ్చిన.

కొంరమ్మకు చెప్తె
పసుపు పట్టెయ్యి, కరుగుతది అన్నది.
కట్టయ్యకు చెప్పలే.
క్వింటాలు బస్తా వీపున మోసెటోనికి
గింత గింజ బరువు ఎట్ల చెప్తరు?

చెప్పిననాడు ఆయన ఏమనలే.
హమాలి కొక్కెం గూటికి తగిలిచ్చిండు.
"నడువు" అన్నడు.

డాక్టరమ్మ సిన్నది, మా మేనకోడలి ఈడు.
సూది పరీక్ష కాయితం చూసి
క్యాన్సర్ అన్నది,
మెల్లగ కాదు, గట్టిగ కాదు,
పొద్దుటి ధర చెప్పినట్టు.
"నా చేతి బువ్వ తిన్నోళ్లకు అంటుతదా?"
ముందుగాల అడిగింది అదే.
"అంటదమ్మా.
మిర్చి ఘాటుకు వచ్చింది గూడ కాదు.
నీ తప్పేం లేదు."
రోగం పేరు ఇన్నప్పుడు ఏడ్వలే,
గా మాటకు ఏడ్సిన.

ఇరవై ఒక్క రోజులకొకపారి మందు.
సీసాల ఎరుపు చూసి
"ఇది ఏ రకం కాయ?" అంటే
నర్సు జెసింత సూది పట్టుకొనే నవ్వింది.
పదహారో రోజు జుట్టంత దువ్వెనకు వచ్చింది.
నోరు పూసింది.
మిర్చి కుప్పల నడుమ బతికినదాన్ని,
సల్లబువ్వ గూడ మండింది.

ఆర్నెల్లు కట్టయ్య నాతోని సప్పిడే తిన్నడు.
యార్డు గేటు కాడ
మిర్చి బజ్జీలు తిని, మూతి కడుక్కొని వచ్చి
సప్పిడి తిన్నడు.
నాకు తెల్వదా? పదిహేడేండ్ల ముక్కు.
తెల్వనట్టే ఉన్న.

రొమ్ము తీసిండ్రు.
లక్షల ముచ్చికలు తీసినదాన్ని,
ఒకటి ఇచ్చిన.
లెక్క సరిపోయిందని మాత్రం ఎవలూ అనకుండ్రి.
అది లెక్క కాదు, నా పెయ్యి.

చెయ్యి లేవకపోయేది.
గోడ మీద వేళ్లు పాకిచ్చుడు జెసింత నేర్పింది.
ఏడిదాక పాకితె ఆడ
కట్టయ్య బొగ్గుతోని గీత పెట్టేటోడు.
ముప్పై ఒక్క గీతలు.
పండుగకు గూడ ఆ గోడకు సున్నం ఎయ్యనియ్య.

రెండేండ్లయింది.
రోజుకొక గోలి.
ఎడమ చేత్తోని బరువు లేప.
దవాఖానకు పోయే ముందునాటి రాత్రి
బుగులు ఇప్పటికీ వస్తది.
పొమ్మంటె పోదు,
జెర జరిగి పండుకో అంట.

బువ్వలయాళ్లకు కాంటా ఎనుక
ఆడోళ్లను కూసోబెట్టి చెప్త:
కాయను ఎట్ల చూస్తరే? పిసుకుతరా?
వేళ్ల మెత్తలతోని దొర్లిస్తరు.
గట్లనే చూసుకోండ్రి, నెలకొకపారి, సంకదాక.
గడ్డ తాకితె ఊకోకుండ్రి.
నొప్పి లేదని అసలే ఊకోకుండ్రి.
కొందరు నవ్వుతరు. కొంగు సదురుకుంటరు.

మొన్న కొంరమ్మ
బస్తాల సందుకు గుంజుకపోయి
నా చెయ్యి తన రవికె మీద పెట్టుకున్నది.
"నీ వేళ్లకు ఎర్క గదనే, చూడు."
చూసిన. ఏం తాకలే.
మల్ల చూసిన.
"నా వేళ్లు మిషిని కాదే.
రేపు పొద్దుగాల ఇద్దరం పోదాం.
పసుపు గిసుపు రాయకు.
వచ్చేటప్పుడు గేటు కాడ
బజ్జీలు నేను కొనిస్త,
ఘాటున్నయి చూసి."