చెడ్డ కాలు

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు.
గుర్తుంచుకో, నోల్బెర్తో" అంటుంది యస్నా,
నా మోకాలి పక్కన ప్లాస్టిక్ కొలబద్ద ఆనించి.
అరవై ఏడు డిగ్రీలు.
నిన్న అరవై ఐదు.
ఈ రెండు డిగ్రీల కోసం
రాత్రి దిండు అంచు కొరికానని
రాసుకోవడానికి ఆమె కాగితంలో గడి లేదు.

చెడ్డ కాలట.
పంతొమ్మిదేళ్లు
వల్పరాయిసో కొండమీదికి
పదిహేను కిలోల గ్యాస్,
పైగా దాని ఇనుము బరువు,
ఇంత బండ భుజానికెత్తుకుని
నేను ఎక్కింది ఏ కాలితో?
రెండువందల పద్నాలుగు మెట్లు.
ఒక్కనాడు కూడా మోకాలడ్డలేదు అది.

జూన్ నెల. సముద్రం మీంచి లేచిన మంచు
గోడల మీది బొమ్మల్ని తుడిచేసిన పొద్దున.
తొంభై ఏడో మెట్టు మీద
ఎవరో పారబోసిన సబ్బునీళ్లు.
నాకంటే ముందు బండ పడింది.
దొర్లుకుంటూ దిగింది,
మెట్టుకో గంట, మెట్టుకో గంట.
కాలు ఏ దిక్కుకి తిరిగిపోయిందో చూసుకోకుండా
ఆ గంటలే లెక్కపెట్టాను.
ఆగింది.
కింద ఏ పిల్లా ఏడవలేదు.
అప్పుడు అరిచాను.

ఒక ప్లేటు, పదకొండు స్క్రూలు.
మేనల్లుడు ఎక్స్‌రే ఫిల్ముని కిటికీకి అడ్డంపెట్టి
"మామయ్యా, నీ లోపల నిచ్చెనుంది" అన్నాడు.
ఉంటే ఉంది. ఎక్కేదెవరు?
నా ఇల్లు నూట నలభయ్యో మెట్టు దగ్గర,
పసుప్పచ్చ రేకుల గోడ.
చెల్లెలు ఎర్మెలిందా వంటింట్లో మంచం వేసింది నాకు.
ఆ కిటికీలోంచి మెడ వంచితే
నా ఇంటి కప్పు కనిపిస్తుంది,
ఆరబెట్టి మర్చిపోయిన నా చొక్కా కనిపిస్తుంది.
చెయ్యూపుతున్నట్టే ఉంటుంది గాలికి.

కోపమొస్తే ఒంటికాలి మీద లేచేవాణ్ణి ఒకప్పుడు.
ఇప్పుడు మంచినీళ్లకి కూడా
ఒంటికాలి మీదే లేస్తున్నాను.

పొద్దున్నే వీధిలో ఇనుము మోత.
నా చోట్లోకి వచ్చిన కుర్రాడు ఇసయాస్.
నాది మూడు దెబ్బలు, ఒక ఊపిరి, రెండు దెబ్బలు.
వాడిది పెనం మీద గరిటె.
దోన్యా ఎల్సిరా చెవులు మూసుకునే ఉంటుంది.
ఒకరోజు వాడే వచ్చాడు, టోపీ చేతిలో నలుపుతూ,
"ఏ మెట్లు వదులయ్యాయో చెప్తారా?"

కుర్చీలో కూచుని చెప్పాను.
ముప్పై ఒకటి ఊగుతుంది, అంచు తొక్కకు.
యాభై ఎనిమిది ఎడమకి వాలింది.
డెబ్బై దగ్గర నల్లకుక్క,
మొరుగుతుంది కానీ కరవదు, పేరుపెట్టి పిలువు.
చెబుతుంటే పట్టీ కింద
తొడ కండరం తనంతట తాను బిగుస్తోంది,
వదులుతోంది. బిగుస్తోంది.
నాతోపాటు అదీ ఎక్కుతోంది.
తొంభై ఏడు దగ్గర నోరు ఎండిపోయింది.
"అక్కడ కుడి గోడ పట్టుకో" అన్నాను.
ఎందుకని అడగలేదు వాడు. తెలిసే ఉంటుంది.

మర్నాడు కొలిస్తే అరవై ఆరు.
ఒక డిగ్రీ వెనక్కి పోయింది.
"అలాగే ఉంటుంది" అంది యస్నా, ఐసు సంచి పెడుతూ.
నాకు మాత్రం ఆ పోయిన డిగ్రీని
ఇసయాస్‌కి అరువిచ్చాననిపించింది.

సెప్టెంబరు. తొంభై రెండు.
వ్యాయామం గదిలో చెక్కమెట్లున్నాయి,
మూడు ఎక్కడానికి, మూడు దిగడానికి.
ఎక్కడికీ వెళ్లవు.
మంచి కాలు. కర్ర. చెడ్డ కాలు.
మంచి కాలు. కర్ర.
చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకునే చెయ్యి లేదు.
మూడో మెట్టు.
నిలబడ్డాను.
ఊపిరి అందేలోపే
నా కుడిచెయ్యి కమ్మీ వదిలేసి
గాల్లో లేచింది,
పిడికిలి బిగించి, తలుపు కొట్టబోతూ.

"ఏమైంది?" అంది యస్నా.
"ఏం లేదు.
ఇంట్లో ఎవరూ లేనట్టున్నారు" అన్నాను.
ఆమె నవ్వింది.
నేను చెడ్డ కాలు ముందు పెట్టాను.