పుట్టిన ఊరి మీద పుట్టి

ఆత్మకూరులో బస్సు దిగి
కొత్తపల్లె దాకా ఆటోలో నలిగి
తారు అయిపోయిన చోట నిలబడినాం.
రోడ్డు మాత్రం ఆగలేదు
నీళ్లలోకి నడుచుకుంటా పోయింది.

ఒడ్డు పొడుగునా ఎండిన రేగడి,
నెర్రె నెర్రెకీ ఒక నత్తగుల్ల.
కర్నూలు పిల్లలు దాన్ని బీచ్ అన్నారు
ప్యాంట్లు మడిచి ఫోటోలు దిగినారు.
ఉడకేసిన చెనక్కాయలమ్మే సుంకులమ్మ
"బీచయితే ఏంది, పీచయితే ఏంది,
చేపల కంపు పోతాదా నాయనా" అనింది.

దూరంగా సంగమేశ్వరుడి శిఖరం
మెడదాకా స్నానానికి దిగి
మంత్రం మరిచిపోయిన మనిషిలా ఉంది.

పుట్టిలో
కోవెలకుంట్ల నుంచి వచ్చిన కొత్త జంట,
టెంకాయల సంచి ఒళ్లో పెట్టుకున్న నాగేంద్రయ్య మేష్టరు,
ఏడు నదుల పేర్లు వేళ్ల మీద లెక్కబెడుతూ
ఆరు దగ్గరే ఆగిపోయే మా చిన్నత్త ఈరమ్మ,
నేను.
తెడ్డు దస్తగిరిది.

"తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి..."
మళ్లీ మొదటి నుంచి.
"భవనాశి" అన్నాడు దస్తగిరి వెనక్కి తిరక్కుండానే,
"మా చేని గట్టునే పోతాండె."

నడినీళ్లలో తెడ్డు ఎత్తిపెట్టి
చెప్పులు విడిచినాడు.
చూసి మేమూ విడిచినాం.
చిన్నత్త చెంపలేసుకుంది.
"గుడి ఇంకా రాలేదు గదబ్బా" అన్నాడు మేష్టరు.

"గుడి కాదు సామీ,
ఇది మా ఇంటి గడప.
చెప్పులతో లోపలికొస్తే మా నాయన కొడ్తాండె."

తొంగి చూసినాం.
పచ్చటి చీకటి, దాని మీద మా ముఖాలు.

"ఈడ వంటిల్లు.
రెండు పుట్ల జొన్నలు పట్టే పాతర ఆ పక్కన.
ఆ అల లేస్తాంది చూడండి, ఆడ పీర్ల చావిడి.
మొహర్రం గుండంలో మొదట దూకేది
గుళ్లో పూజారి కొడుకే."

గుర్తేముంది నీకు, అంతా నీళ్లే గదా, అన్నాను.

"చెట్లు కొట్టి అమ్ముకోండని ఆపీసర్లు చెప్పినారు.
మా నాయన వాకిట్లో వేపను కొట్టలేదు."
తెడ్డు కిందికి పొడిచినాడు.
ఠక్.
తలుపు తట్టినట్టే వినపడింది.
ఎవరూ తీయలేదు.

గుళ్లో మోకాటి లోతు బురద.
పూజారి దోసిళ్లతో నీళ్లు పోసి
సామి ముఖం వెతికి బొట్టు పెట్టినాడు.
ఆయనా వేపకొయ్యే అంట.
నెలలకు నెలలు మునిగినా చివకని కొయ్య.
చేపపిల్ల ఒకటి గర్భగుడి మూల నీళ్లలో
ఎవరినీ అడక్కుండా తిరుగుతాంది.
నూరు కోరికలు మూటగట్టుకుని పోయినదాన్ని
ఒక్కటీ నోటికి రాలేదు.
తెడ్డు చప్పుడే చెవుల్లో.

తిరుగు దోవలో చిన్నత్త
"మీ గడప వస్తే చెప్పు నాయనా" అనింది.
చెప్పినాడు.
కొంగులో దాచిన టెంకాయ చిప్పను
నీళ్ల మీద మెల్లగా వదిలింది.
"ఏందమ్మా అది?"
"ఇంటి ముందరికొచ్చి ఉత్త చేతుల్తో పోతామా?"

చిప్ప మునగలేదు.
చిన్న పుట్టిలాగా
తన చుట్టూ తాను తిరుగుతూ
అక్కడక్కడే ఉండిపోయింది.

దస్తగిరి శానాసేపు తెడ్డు వెయ్యలేదు.
ఒడ్డున ఆటోవాడు
హారన్ మీద హారన్.