బ్యాటరీ పీట

ముందు నెగెటివ్ విప్పబ్బా, అన్నాడు అమీర్‌జాన్,
గడప దాటకముందే చెప్పులు విప్పమన్నట్టు.
పది నంబరు పానా. మూడు తిప్పులు.
సీసపు చెవి వదిలేసరికి
అరవై తొమ్మిది నాటి ఫియట్టు
ఉలుకూ పలుకూ లేకుండా పోయింది.
డ్యాష్‌బోర్డు గడియారానికి మాత్రం ఈ సంగతి తెలీదు,
అది ఆగి చాలా ఏళ్లయింది.

చిత్తూరు, గ్రీమ్స్‌పేట, రేకుల చావడి కింద
ఆదివారం ఎనిమిదిన్నర.
బానెట్టు ఎత్తి, అది కూర్చున్న తీరు చూస్తే
ఎవరికైనా నవ్వొస్తుంది.
అడుగున పనసచెక్క తునక,
పక్కన మడిచి కుక్కిన గోనెపట్టా,
పైన రెండు చుట్లు సైకిల్ ట్యూబు,
కొసకి
ఎవరిదో లంగా నాడా.

ఎవరు కట్టింది సామీ ఇదంతా?
ట్యూబు నేనే, ఒప్పుకున్నా.
గోనె మాత్రం నాకంటే ముందాయనది,
సర్వే ఆఫీసు చెంగల్రాయులు.
నాడా సంగతి ఆయన్నే అడగాలి,
అడగడానికి ఆయన లేడు.

నిండు బిందె దించినట్టు
చుక్క తొణక్కుండా ఇద్దరం దించాం.
కింద తెల్లగా, పచ్చగా, అంచున నీలంగా
ఆసిడ్డు పూసిన పువ్వు.
వాసనుండదు. తాకితే రాత్రంతా వేలు చురచుర.
వంటింట్లో అడక్కుండా తెచ్చిన వంటసోడా
చెంబు నీళ్లలో కలిపి పోశా.
బుస్సుమని పొంగి, బంపరు మీదకు కారి,
చెప్పుల దాకా వచ్చి చల్లారింది నురగ.

అప్పుడు బయటపడింది అసలు పీట.

కంపెనీది కాదు.
మామిడి గుజ్జు డబ్బా చీల్చి,
సుత్తితో సాపు చేసి,
మూలలకు రివిట్లు కొట్టిన రేకు.
తుప్పు తినగా మిగిలిన అక్షరాలు: తోతాపు.
చివరి 'రి' ఆసిడ్డు తాగేసింది.
ఏ ఎండాకాలమో, ఏ ఫ్యాక్టరీ గోడ వెనకో,
ఎవడో ఒకడు 'ప్రస్తుతానికి' అనుకుని పెట్టుంటాడు.
మా జిల్లాలో ప్రస్తుతానికి పెట్టినవే
ముప్పై ఏళ్లు నిలబడేది.

అమీర్‌జాన్ జానతో కొలిచాడు, తర్వాత టేపుతో.
రెండూ ఒకటే వచ్చాయని మురిశాడు.
యాంగిల్ ఇనుము కోసి, అతికి, ఆకురాయి పట్టి,
నల్లరంగు ఆరేలోపు రెండు టీలు.
రబ్బరు పట్టా పరిచాం.
ఎర్తు వైరు కింద పెయింటు గీకితే
లోపలి ఇనుము తళుక్కుమంది,
ఇంత వయసులో ఇంత తెలుపా అనిపించింది.
పైన పట్టీ, అటొక కొక్కెం బోల్టు, ఇటొకటి.
చెవి మెలేసినట్టు బిగించద్దు,
చెయ్యి పట్టుకున్నట్టు బిగించు,
డొక్క పగిలితే ఆసిడ్డుకు దారి నువ్వే చూపినట్టు.
టెర్మినళ్లకు వ్యాజిలిన్ పూసి,
హారన్ వైరును పక్కకు తప్పించి,
చివరిగా నెగెటివ్.
చిన్న నిప్పురవ్వ. బండికి ప్రాణమొచ్చింది.
బ్యాటరీ పక్కన చేతిరుమాలంత చోటు
ఖాళీగా మిగిలింది.
దాన్ని చూస్తూ కాసేపు ఊరికే నిలబడ్డా.

సాయంత్రం బంగారుపాళ్యం దాటి
మొగిలి ఘాటు ఎక్కుతుంటే
పక్కసీట్లో కోమలవల్లి అంది,
ఏందో తక్కువైంది బండిలో.
నిజమే. గుంత గుంతకూ వచ్చే 'డక్కు' లేదు.
పదకొండేళ్లుగా
అది ఈ బండి మాటతీరు అనుకున్నాం.
ఇద్దరం మాట్లాడకుండా ఆ లేనిదాన్ని విన్నాం.

మూడో మలుపులో వెనక నుంచి 'కణంగ్' అంది.
మళ్లీ 'కణంగ్'.
ఇదెప్పట్నుంచి?
నాకేం తెలుసు, అన్నా.

ఓరగా ఆపి డిక్కీ తెరిస్తే
పేపరు చుట్ట విప్పుకుని
జాకీకి కొట్టుకుంటా ఉంది తోతాపు.
పారేయమన్నాడు అమీర్‌జాన్.
సరే అని నేనే తెచ్చి దాచా.
కోమలవల్లి నా మొహం చూసింది, రేకు చూసింది.
నేను స్టెప్నీ సందులోకి దాన్ని తోసి,
పొద్దున విప్పిన సైకిల్ ట్యూబుతోనే
రెండు చుట్లు చుట్టి ముడేశా,

ప్రస్తుతానికి.